చిరునామా, అవశేషం, అనుబంధం: మొక్కల మైటోకాండ్రియాలో పూర్వక్రమ ఛేదనంపై ఒక రూపకవిమర్శ

వ్యాససంగ్రహం:
కణద్రవ్యంలో తయారై మైటోకాండ్రియాలోకి చేరే ప్రోటీన్లకు మొదట ఉండే పూర్వక్రమాన్ని 'చిరునామా' అని చెప్పడం విజ్ఞానబోధనలో స్థిరపడిపోయింది. ప్రోటీన్ గమ్యం చేరడం వరకు ఈ రూపకం పనికివస్తుంది. చేరిన తరువాత జరిగే ఛేదనాన్ని, ఛేదించిన ముక్క గతిని ఇది మరుగుపరుస్తుంది. బంగాళాదుంప, పాలకూర, అరబిడాప్సిస్, వరి, పెసర మొక్కలపై జరిగిన పరిశోధనల ఆధారంగా ఈ రూపకం ఎక్కడెక్కడ విఫలమవుతున్నదో పరిశీలించడం, పాణినీయ వ్యాకరణంలోని అనుబంధ భావనను ప్రత్యామ్నాయ ఉపమానంగా పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మైటోకాండ్రియా, పూర్వక్రమం, ఛేదక ఎంజైమ్, శ్వాసక్రియా శృంఖల, రూపకం, అనుబంధం, లోపం.

1. ప్రవేశిక:

మైటోకాండ్రియాను గురించి తెలుగులో చదువుకున్న విద్యార్థికి రెండు రూపకాలు పరిచయమే. మొదటిది 'కణశక్త్యాగారం'. 1957లో ఫిలిప్ సీకెవిట్జ్ ప్రచారంలోకి తెచ్చిన ఆంగ్ల పదబంధానికి ఇది తెలుగు రూపం. రెండవది 'చిరునామా'. ఒక ప్రోటీన్ కణంలో ఏ భాగానికి చేరాలో ఆ ప్రోటీన్‌లోనే రాసి ఉంటుందని చెప్పడానికి దీన్ని వాడతారు. ఈ సూత్రాన్ని కనుగొన్నందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు, ఆ ప్రకటనలోనే చిరునామా చీటీ, తపాలా కోడ్ అనే పోలికలు చోటుచేసుకున్నాయి. పోలిక సులువుగా అర్థమవుతుంది కాబట్టి తరగతి గదిలోనూ, జనరంజక విజ్ఞాన వ్యాసాల్లోనూ నిలదొక్కుకుంది.

ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలను ఆలంకారికులు చెప్పారు. కావ్యంలో సమానధర్మం లీలామాత్రంగా ఉన్నా సహృదయుడు తక్కినదాన్ని పూరించుకుంటాడు. ముఖాన్ని చంద్రుడితో పోల్చినప్పుడు చంద్రుడిలోని మచ్చను గురించి ఎవరూ ప్రశ్నించరు. శాస్త్రబోధనలోని రూపకానికి ఈ వెసులుబాటు లేదు. అది ఒక విషయాన్ని వివరించి ఊరుకోదు, తరువాత ఏ ప్రశ్న అడగాలో, ఏది అడగనక్కరలేదో కూడా నిర్ణయిస్తుంది. చిరునామా అనగానే ఉత్తరం చేరిందా లేదా అన్నదే ప్రశ్న అవుతుంది. చేరిన తరువాత కవరును ఎవరు చించారు, ఎక్కడ చించారు, చించిన ముక్క ఏమైంది అన్నవి ప్రశ్నలుగానే తోచవు. మొక్కల మైటోకాండ్రియా విషయంలో గత మూడు దశాబ్దాల ముఖ్య పరిశోధన అంతా సరిగ్గా ఈ ప్రశ్నల చుట్టూ నడిచింది. ఆ పరిశోధన ముందు ఈ రూపకం ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

2. రూపకానికి ఆధారాలు:

చిరునామా పోలిక నిరాధారమైనది కాదు. మైటోకాండ్రియాకు సొంత డి.ఎన్.ఎ. ఉన్నా అది కొన్ని పదుల ప్రోటీన్లకు మాత్రమే సరిపోతుంది. తక్కిన వేయికి పైగా ప్రోటీన్లు కేంద్రకంలోని జన్యువుల ఆదేశంతో కణద్రవ్యంలో తయారై లోపలికి రావలసిందే. వీటిలో చాలావాటికి ఆరంభంలో అదనంగా కొన్ని పదుల అమైనో ఆమ్లాల వరుస ఉంటుంది. అదే పూర్వక్రమం. మైటోకాండ్రియాకు చెందిన ఎంజైమ్ ఉపాంశాలు మొదట పొడవైన పూర్వరూపాలుగా తయారవుతాయని 1979లో ఈస్ట్‌లో తేలింది. 1984లో గాట్‌ఫ్రీడ్ షాట్జ్ బృందం ఈస్ట్ ప్రోటీన్ ఒకదాని పూర్వక్రమాన్ని తీసి, మైటోకాండ్రియాతో ఏ సంబంధమూ లేని ఎలుక ఎంజైమ్‌కు అతికించింది. ఆ పరాయి ఎంజైమ్ మైటోకాండ్రియాలోకి వెళ్ళింది. 1987లో మార్క్ బూట్రీ, నామ్-హాయ్ చువా తదితరులు పొగాకు మొక్కలో ఇదే పనిని బాక్టీరియా ఎంజైమ్‌తో చేసి చూపారు. మైటోకాండ్రియా పూర్వక్రమం తగిలిస్తే ఆ ఎంజైమ్ మైటోకాండ్రియాకు చేరింది, హరితరేణువు ప్రోటీన్ ముందుభాగం తగిలిస్తే హరితరేణువుకు చేరింది. చీటీ మారిస్తే గమ్యం మారింది. చిరునామా రూపకానికి ఇంతకన్నా గట్టి సమర్థన ఉండదు.

అయితే ఇక్కడే చిన్న ఇబ్బంది ఉంది. చిరునామాలో అక్షరాలు ముఖ్యం. ఒక అక్షరం తారుమారైతే ఉత్తరం దారి తప్పుతుంది. పూర్వక్రమాలకు అలాంటి స్థిరమైన అక్షరక్రమం లేదు. ఒకే మైటోకాండ్రియాకు చేరే రెండు ప్రోటీన్ల పూర్వక్రమాలను పక్కపక్కన పెడితే పోలికే కనిపించకపోవచ్చు. 1986లో గున్నార్ ఫాన్ హైనే చూపినట్లు, వాటిని కలిపేది రూపం. సర్పిలాకారంగా చుట్టుకున్నప్పుడు ఒక వైపున ధనావేశం, మరొక వైపున నీటిని వికర్షించే స్వభావం ఏర్పడటమే వాటి సామాన్యలక్షణం. ఆ రూపమైనా చివరిదాకా ఉండదు. ఎలుక మైటోకాండ్రియా బాహ్యపొరలోని టామ్20 అనే గ్రాహకం పూర్వక్రమాన్ని సర్పిలరూపంలోనే పట్టుకుంటుందని 2000లో తేలింది. ఈస్ట్‌లోని ఛేదక ఎంజైమ్ తన గుహలో అదే రకం పూర్వక్రమాన్ని సాగదీసిన తీగలా పట్టుకుంటుందని 2001లో వెలువడిన స్ఫటిక నిర్మాణం చూపింది. అంటే ఒకే వరుసను ద్వారం దగ్గర ఒక విధంగా, లోపల మరొక విధంగా చదువుతున్నారు. చిరునామాను ఎవరు చదివినా ఒకటే అర్థం కదా. పూర్వక్రమం విషయంలో చదివేవారిని బట్టి ఆకృతి, దానితోపాటు ప్రయోజనం మారిపోతున్నాయి.

3. కత్తెర ఉన్న చోటు:

చిరునామా రూపకంలో కత్తెరకు పాత్రే లేదు. ఉన్నా, కార్యాలయంలో బల్ల మీద పడివుండే సామాన్యమైన కత్తెర. ఈస్ట్ మీద జరిగిన పరిశోధన ఈ ఊహకు దగ్గరగానే ఉంది. పూర్వక్రమాన్ని కోసే ప్రధాన ఎంజైమ్ పేరు మైటోకాండ్రియల్ ప్రాసెసింగ్ పెప్టిడేజ్. ఇకపై దీన్ని ఎం.పి.పి. అందాం. ఆల్ఫా, బీటా అనే రెండు ఉపాంశాలు కలిస్తేనే ఇది పనిచేస్తుంది. జింకు అయాను సాయంతో కోసే పని బీటాది. వచ్చిన పూర్వక్రమాన్ని ఒడిసిపట్టడంలో ఆల్ఫాకు ముఖ్యపాత్ర. ఈస్ట్‌లోనూ, క్షీరదాల్లోనూ ఈ జంట మైటోకాండ్రియా లోపలి మాత్రికలో స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటుంది.

మొక్కల్లో కథ వేరు. 1992లో హాన్స్-పీటర్ బ్రౌన్, ఉడో ష్మిట్జ్ తదితరులు బంగాళాదుంప మైటోకాండ్రియాలో ఈ ఎంజైమ్ కోసం వెతికినప్పుడు అది మాత్రికలో దొరకలేదు. శ్వాసక్రియా శృంఖలలోని సైటోక్రోమ్ బి.సి.1 సంకీర్ణంలో, అంటే ఎలక్ట్రాన్లను ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేస్తూ ప్రోటాన్లను పొర దాటించే యంత్రంలో, అంతర్భాగంగా దొరికింది. అదే కాలంలో స్టాక్‌హోమ్‌లో ఎల్జ్‌బియెటా గ్లేసర్ బృందం పాలకూర ఆకుల మైటోకాండ్రియాలో ఈ ఫలితానికే వచ్చింది. 1995లో గోధుమలోనూ ఇదే తేలింది. ఒక దుంప, ఒక ఆకు, ఒక ఏకదళబీజం మూడూ ఒకే సాక్ష్యం చెప్పాయి కనుక ఇది ఏదో ఒక మొక్క ప్రత్యేకత అని కొట్టివేయడానికి వీలులేకపోయింది.

ఈ సంకీర్ణంలో 'కోర్' ప్రోటీన్లు అనేవి రెండు ఉన్నాయి. వాటి పని ఏమిటో తెలియకముందే ఆ పేరు పెట్టారు. నిజానికి అవి ఎలక్ట్రాన్ల ప్రయాణానికి కేంద్రమూ కావు, సంకీర్ణానికి నడిమధ్యనా లేవు. పొరలోంచి మాత్రికలోకి పొడుచుకువచ్చిన పెద్ద ముద్దలు అవి. మొక్కల్లో ఆ రెండు ముద్దలే ఎం.పి.పి. ఆల్ఫా, బీటాలు. శక్త్యాగారం అని మనం పిలిచే యంత్రానికి కిందివైపున కత్తెర బిగించి ఉందన్నమాట. కణశక్త్యాగారం అనే మొదటి రూపకమూ, చిరునామా అనే రెండవ రూపకమూ వేరువేరు పాఠాల్లో చెప్పడం మనకు అలవాటు. మొక్క ఆ రెంటినీ ఒకే సంకీర్ణంలో పెట్టింది. పాఠ్యప్రణాళికలో మాత్రం ఇంకా అవి శ్వాసక్రియ అధ్యాయంలో ఒకటి, ప్రోటీన్ రవాణా అధ్యాయంలో మరొకటిగానే ఉంటున్నాయి.

ఈ సమావేశం చూసి చాలా ఊహలు చేయవచ్చు. శ్వాసక్రియ జోరును బట్టి కోత జోరు మారుతుందా? ఒకదాన్ని ఆపితే మరొకటి ఆగుతుందా? ఇవి ఆకర్షణీయమైన ఊహలే. 1996లో గ్లేసర్ బృందం వీటిని పాలకూర సంకీర్ణం మీద పరీక్షించింది. శుద్ధిచేసిన సంకీర్ణం సుమారు 550 కిలోడాల్టన్ల బరువున్న ద్వితయం. లవణసాంద్రత పెంచితే ద్వితయం కొంతవరకు విడిపోయింది, కోసే శక్తీ నశించింది. కానీ సంకీర్ణపు ఆక్సీకరణ, క్షయకరణ స్థితులను మార్చి చూసినా కోతలో దానికి తగిన మార్పు కనిపించలేదు. ఎలక్ట్రాన్ ప్రవాహానికీ ప్రోటీన్ ఛేదనానికీ నేరుగా సంబంధం లేదని వారు నిర్ధారించారు. ఒకే గూటిలో ఉన్నా ఎవరి పని వారిది. 'ద్విక్రియాత్మక సంకీర్ణం' అనే మాట వినగానే రెండు పనుల మధ్య పొత్తు ఉందని ఊహించేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. ఈ సహవాసం వల్ల మొక్కకు కలిగే లాభం ఏమిటన్నది ఈ ఫలితంతో తేలికైన ప్రశ్న కాలేదు, మరింత కఠినమైంది. దిగుమతికీ శ్వాసక్రియకూ మధ్య బంధుత్వానికి మరికొన్ని జాడలు ఉన్నమాట నిజమే. దిగుమతి ద్వారంలో ఉండే బి14.7, టిమ్23-2 అనే ప్రోటీన్లు శ్వాసశృంఖలలోని మొదటి సంకీర్ణంలోనూ ఉన్నాయని 2012లో అరబిడాప్సిస్‌లో చూపారు. కలిసి ఉండటం ఒకటి, కలిసి పనిచేయడం మరొకటి. మొదటిదానికి ఆధారాలు పెరుగుతున్నాయి. రెండవదాన్ని ఇంకా నిరూపించవలసి ఉంది.

పైగా మొక్కల్లో కోసే శక్తి మొత్తం ఈ సంకీర్ణంలోనే ఉందనడం కూడా తొందరపాటే. మాత్రికలో కూడా ఒక ఛేదక చర్య ఉందని గ్లేసర్, జేమ్స్ వీలన్ బృందాలు 1998లో నివేదించాయి. బి.సి.1 కథనం చక్కగా కుదిరిన తరువాత ఈ రెండవ ఫలితాన్ని తలచుకునేవారు తగ్గిపోయారు. చక్కని కథనానికి ఉండే ప్రమాదమే ఇది.

'అవశేషం' అనే పదం ఇక్కడ ఒక చర్చను లేవదీసింది. బ్రౌన్, ష్మిట్జ్‌లు 1995లో రాసిన ఒక సమీక్షకు పెట్టిన శీర్షికే ప్రశ్న. బి.సి.1 సంకీర్ణపు కోర్ ప్రోటీన్లు పూర్వపు ఛేదక ఎంజైమ్‌కు పరిణామంలో మిగిలిన అవశేషాలా అని వారు అడిగారు. ఈ ప్రశ్నను చాలామంది తలకిందులుగా చదువుతారు. అవశేషం అన్నది మొక్కలోని సంకీర్ణాన్ని కాదు, ఈస్ట్‌లోనూ జంతువుల్లోనూ కోసే శక్తి లేకుండా మిగిలిన కోర్ ప్రోటీన్లను. న్యూరోస్పోరా అనే బూజు ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. దానిలో బీటా ఉపాంశమూ మొదటి కోర్ ప్రోటీనూ ఒకటేనని 1989లో తేలింది, ఆల్ఫా మాత్రం మాత్రికలో వేరుగా ఉంటుంది. మొక్క, బూజు, ఈస్ట్ మూడింటినీ వరుసగా పెడితే కత్తెర క్రమంగా యంత్రం నుంచి విడివడినట్లు కనిపిస్తుంది. ఇలా వరుసగా కనబడే వాటిని కాలక్రమంగా చదవడం మనకు అలవాటు. అది జాగ్రత్తగా చేయవలసిన పని. మైటోకాండ్రియాకు పూర్వీకులనదగిన బాక్టీరియా బి.సి.1 సంకీర్ణంలో కోర్ ప్రోటీన్లు లేవు. రికెట్సియా అనే బాక్టీరియాకు చెందిన ఎం.పి.పి. పోలిక గల ప్రోటీన్ మైటోకాండ్రియా పూర్వక్రమాలను కోయగలదని 2007లో తేలింది. అంటే కత్తెర ముందే ఉంది, యంత్రమూ ముందే ఉంది, తరువాతే కలిశాయి అనుకోవచ్చు. అప్పుడు మొక్కను 'ప్రాచీనం' అనడానికి ఆధారం తగ్గుతుంది. మొక్కలో కలయిక కొనసాగింది, ఈస్ట్ వంశంలో విడిపోయింది, అంతే. కలయిక జరిగింది ఎప్పుడన్నదే అసలు ప్రశ్న.

అవశేషం అన్న మాటకు మరొక చిక్కు కూడా ఉంది. ఎద్దు గుండె నుంచి తీసిన సంకీర్ణంలోని కోర్ ప్రోటీన్లు నిర్జీవమని భావించారు. 1998లో డిటర్జెంట్‌తో వాటిని కదిలించగా కోసే శక్తి మేల్కొంది. ఆ శక్తిని నిద్రపుచ్చి ఉంచినది ఒక పూర్వక్రమమే కావచ్చునన్నది అక్కడి ఊహ. ఆ సంకీర్ణంలోనే భాగమైన రిస్కే ప్రోటీన్ నుంచి కోసిన పూర్వక్రమం బయటకు పోకుండా, రెండు కోర్ ప్రోటీన్ల నడుమ ఇరుక్కుని తొమ్మిదవ ఉపాంశంగా స్థిరపడిందని 1993లోనే తెలుసు. చించిన కవరు ముక్క ఇంట్లో ఒక వాసంగా మారిపోయిన ఉదంతం ఇది. చిరునామా రూపకం దీన్ని ఏ విధంగానూ ఇముడ్చుకోలేదు.

మొక్కల సంకీర్ణాన్ని పరమాణుస్థాయిలో చూడగలిగింది ఇటీవలే. 2021లో జేమ్స్ లెట్స్ బృందం చీకటిలో మొలకెత్తించిన పెసర మొక్కల నుంచి ఈ సంకీర్ణాన్ని వేరుచేసి, శీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో నిర్మాణాన్ని చూపింది. అక్కడ ఆల్ఫా, బీటాల మధ్య ఛేదనగుహ స్పష్టంగా కనిపిస్తుంది. 2023లో పెసరలోనూ, అరబిడాప్సిస్‌లోనూ ఇదే సంకీర్ణం మొదటి సంకీర్ణంతో జతకట్టిన మహాసంకీర్ణం నిర్మాణాలు వెలువడ్డాయి. 1992లో జెల్ మీద పట్టీలుగా చూసినదాన్ని ఇప్పుడు అమైనో ఆమ్లాల వరకు చూడవచ్చు. చూడగలగడం వల్ల ఎక్కడ అన్న ప్రశ్న తీరింది, ఎందుకు అన్నది మిగిలింది.

4. ఒక కోతా, రెండు కోతలా:

ఎం.పి.పి. ఎక్కడ కోస్తుంది? 2009లో హువాంగ్, వీలన్, మిల్లర్ తదితరులు అరబిడాప్సిస్ నుంచి 62, వరి నుంచి 52 ప్రోటీన్ల అసలు ఆరంభాలను ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో నిర్ణయించి, పూర్వరూపాలతో పోల్చి చూశారు. కోతస్థానాలు మూడు తరగతులుగా విడిపోయాయి. కోతకు ముందు రెండవ స్థానంలో ఆర్జినీన్ ఉన్నవి ఒక తరగతి, మూడవ స్థానంలో ఉన్నవి మరొకటి, ఆర్జినీన్ నియమమే లేనివి ఇంకొకటి. రెండు మొక్కల్లోనూ 55 నుంచి 58 శాతం వరకు మూడవ స్థానపు తరగతివే. ఒకే కత్తెరకు ఇన్ని అలవాట్లు ఎందుకు?

దీనికి జవాబు అదే సంవత్సరం ఈస్ట్ వైపు నుంచి వచ్చింది. ఎం.పి.పి. కోసిన తరువాత ఐ.సి.పి.55 అనే మరొక ఎంజైమ్ వచ్చి కొన్ని ప్రోటీన్ల మొదటి అమైనో ఆమ్లాన్ని ఒక్కదాన్ని తొలగిస్తుంది. తొలగించేది చాలావరకు ప్రోటీన్ ఆయువును తగ్గించే రకం అమైనో ఆమ్లం. అంటే మొదటి కోత రెండవ స్థానపు ఆర్జినీన్ నియమాన్నే పాటించింది. తరువాత ఒకటి పోవడంతో ఆర్జినీన్ మూడవ స్థానానికి జరిగినట్లు కనిపించింది. మరికొన్నింటిలో ఓ.సి.టి.1 అనే ఎంజైమ్ ఒకేసారి ఎనిమిది అమైనో ఆమ్లాలను తీసివేస్తుంది. 2015లో క్రిస్ కేరీ తదితరులు ఈ రెండు ఎంజైమ్‌లు లోపించిన అరబిడాప్సిస్ మొక్కలను పరిశీలించి, మొక్కల్లోనూ ఇవి ఉన్నాయని, వేటి మీద పనిచేస్తాయో చూపారు.

పాఠపరిష్కరణలో అనుభవం ఉన్నవారికి ఈ సమస్య కొత్తది కాదు. చేతికందిన ప్రతిలో ఇద్దరు లేఖరుల మార్పులు కలిసిపోయి ఉన్నప్పుడు, దాన్ని ఒకే లేఖరి అలవాటుగా లెక్కవేస్తే లేని నియమం పుడుతుంది. తుదిరూపాన్ని చూసి కోతస్థానాన్ని నిర్ణయించే పద్ధతికి ఈ పరిమితి ఎప్పుడూ ఉంటుంది. ఎంజైమ్ లోపించిన మొక్క ఆ పరిమితిని దాటే మార్గం. అది తొలి ప్రతిని చూపుతుంది.

ఆ 2009 అధ్యయనంలోనే మరొక విశేషం ఉంది. మాత్రికలో ఉండే గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్ అనే సుపరిచితమైన ఎంజైమ్ ఏ కోతా లేకుండా, మొదలు చెక్కుచెదరకుండా దొరికింది. చీటీ చించకుండానే ఉత్తరం చదివిన సందర్భం ఇది. మైటోకాండ్రియాలోకి రావడానికి ఛేదనీయమైన పూర్వక్రమం తప్పనిసరి అని పరీక్షల్లో రాసే జవాబును ఇది సరిదిద్దుతుంది.

5. రెండు గమ్యాలు:

మొక్కకణంలో హరితరేణువు కూడా ఉండటం వల్ల ఈస్ట్‌కు లేని చిక్కు ఒకటి వచ్చింది. రెండు కణాంగాల సంకేతాలూ ధనావేశం గలవే, రెంటిలోనూ సెరీన్ అధికమే. అయినా మొక్క చాలావరకు పొరపడదు. అయితే కొన్ని ప్రోటీన్లు కావాలనే రెండు చోట్లకూ వెళ్తాయి. బఠానీలోని గ్లుటాథయోన్ రిడక్టేజ్ ఒకే సంకేతంతో రెంటికీ చేరుతుందని 1995లో తెలిసింది. అరబిడాప్సిస్‌లో ఇలాంటివి వందకు పైగా గుర్తించారు. ఒకే చీటీని చూసి రెండు తపాలా కార్యాలయాలు రెండు ఊళ్ళకు పంపితే దాన్ని చిరునామా అనడం కష్టం. గ్రాహకం విషయంలోనూ మొక్క వేరుదారి పట్టింది. మొక్కల టామ్20, జంతువుల టామ్20 ఒకే పని చేస్తాయి, ఒకే పేరు మోస్తాయి, కానీ ఒకే మూలం నుంచి వచ్చినవి కావని 2006లో తేలింది. పేరు చూసి చుట్టరికం కలపకూడదు.

6. కోసిన ముక్క:

చిరునామా రూపకం పూర్తిగా మౌనం వహించే చోటు ఇది. వేయికి పైగా ప్రోటీన్లు వస్తూ ఉంటే, వాటి నుంచి కోసిన ముక్కలూ అంతే సంఖ్యలో పోగవుతాయి. ఈ ముక్కలు నిరపాయమైనవి కావు. పూర్వక్రమాన్ని లోపలికి తీసుకువెళ్ళిన గుణాలే, అంటే ధనావేశమూ పొరతో పొత్తూ, ప్రోటీన్ నుంచి విడిపోయాక పొరకు హాని చేస్తాయి. పొరకు ఇరువైపులా ఉండే విద్యుద్భేదాన్ని ఇవి దెబ్బతీయగలవు. లోపలికి తెచ్చిన సుగుణమే లోపల దోషమైంది.

దీన్ని ప్రశ్నగా పట్టుకున్నది మొక్కల పరిశోధకులే. గ్లేసర్ బృందం బంగాళాదుంప దుంపల మైటోకాండ్రియా నుంచి ఈ ముక్కలను నమిలివేసే జింకు ఎంజైమ్‌ను వేరుచేసి 2002లో ప్రకటించింది. దాని పేరు ప్రెప్. అది మైటోకాండ్రియాలోనే కాక హరితరేణువులోనూ ఉండి, అక్కడి సంకేతముక్కలనూ నమిలివేస్తుందని మరుసటి ఏడాదికే తేలింది. రెండు గమ్యాలు గల ప్రోటీన్ల జాబితాలో ఇదీ ఒకటి కావడం గమనించదగినది. 2006లో దాని నిర్మాణం వెలువడింది. గిన్నె, మూత వంటి రెండు సగాలు కీలుతో కలిసి, మూసుకున్నప్పుడు లోపల 10,000 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లకు పైబడిన గదిని ఏర్పరుస్తాయి. సుమారు 65 అమైనో ఆమ్లాల వరకు పొడవున్న ముక్కలు అందులో పడతాయి. మడతలు పడిన పూర్తి ప్రోటీన్లకు అందులో చోటు లేదు. కనుక పనికివచ్చే ప్రోటీన్లకు దానివల్ల ప్రమాదం లేదు. ఇంకా చిన్న ముక్కల కోసం, 8 నుంచి 23 అమైనో ఆమ్లాల పొడవు గలవాటి కోసం, మరొక ఎంజైమ్ ఉందని 2013లో తెలిసింది. ప్రెప్ రెండు రూపాలూ లేని అరబిడాప్సిస్ మొక్కలు బతుకుతాయి గాని ఆకులు పాలిపోతాయి, ఎదుగుదల మందగిస్తుంది.

వంశావళి చూస్తే మరొక విషయం బయటపడుతుంది. మైటోకాండ్రియాలో కోసే ఎం.పి.పి., హరితరేణువులో కోసే ఎంజైమ్, రెండుచోట్లా నమిలే ప్రెప్ అన్నీ ఒకే విస్తృత కుటుంబానికి చెందినవి. జింకును పట్టుకునే అమైనో ఆమ్లాల అమరిక వాటన్నిటిలోనూ ఒకటే. కోసేదీ, కోసినదాన్ని తినేదీ దాయాదులే.

ముక్కలు పోగైతే ఏమవుతుందో ఈస్ట్‌లో మరింత స్పష్టంగా తెలిసింది. 2014 నాటి ఒక అధ్యయనంలో ప్రెప్‌కు సమానమైన ఈస్ట్ ఎంజైమ్ కుంటుపడినప్పుడు, పోగైన ముక్కలు ఎం.పి.పి. పనినే అడ్డుకున్నాయి. కొత్తగా వచ్చిన ప్రోటీన్లు కోతకు నోచుకోక అపరిపక్వంగా మిగిలాయి. అల్జీమర్స్ వ్యాధికి సంబంధించిన అమైలాయిడ్ ముక్కలు కూడా ఇదే దారిలో హాని చేయగలవని ఆ అధ్యయనం సూచించింది. మానవ ప్రెప్ ఆ ముక్కలను నమలగలదని 2006లోనే తెలుసు. బంగాళాదుంపలో మొదలైన ప్రశ్న మానవ మెదడు దాకా వెళ్ళింది. ఇక మొక్కలో ఛేదక ఎంజైమ్ శ్వాసయంత్రంలో అంతర్భాగం కాబట్టి, ముక్కలు దాన్ని అడ్డుకుంటే శ్వాసక్రియ మీద ప్రభావం ఎలా ఉంటుందన్నది పరిశోధనార్హమైన ప్రశ్న. కోతా ఎలక్ట్రాన్ ప్రవాహమూ పరస్పరం స్వతంత్రమని 1996 ఫలితం చెబుతున్నా, ఆ పరీక్ష శుద్ధిచేసిన సంకీర్ణం మీద జరిగిందని, ముక్కలతో కిక్కిరిసిన సజీవ మైటోకాండ్రియాలో కాదని గమనించాలి.

7. అనుబంధం అనే ఉపమానం:

చిరునామాకు బదులు మన శాస్త్రసంప్రదాయంలో ఇంకా దగ్గరి పోలిక ఉంది. పాణినీయంలో ప్రత్యయాలకు అనుబంధాలు తగిలించి ఉంటాయి. అవి ఇత్సంజ్ఞ పొంది, చేయవలసిన పనిని చేయించి, లోపించిపోతాయి. సిద్ధరూపంలో కనిపించవు. 'కృ' ధాతువు మీద 'క్త' ప్రత్యయం చేరినప్పుడు అందులోని కకారం గుణాన్ని నిషేధిస్తుంది, తరువాత లోపిస్తుంది, 'కృత' మిగులుతుంది. కకారం లేని 'తృచ్' చేరితే గుణం వచ్చి 'కర్తృ' అవుతుంది. ఆ కకారం ప్రత్యయం ఎక్కడికి పోవాలో చెప్పే చిరునామా కాదు. పక్కనున్న దాని ప్రవర్తనను శాసించే గుర్తు. పూర్వక్రమం కూడా అంతే. అది గ్రాహకాన్నీ, పొరలోని ద్వారాన్నీ, విద్యుద్భేదాన్నీ, చివరికి కత్తెరనూ పనిలోకి దింపి తాను తుదిరూపంలో లేకుండా పోతుంది.

ఒకే గుర్తును వేరువేరు సూత్రాలు వేరువేరుగా చదవడం కూడా ఇక్కడ ఉంది. 'కృత'లో గుణాన్ని ఆపిన కకారమే 'వచ్' ధాతువు దగ్గర సంప్రసారణానికి కారణమై 'ఉక్త' అనే రూపాన్ని ఇస్తుంది. టామ్20 సర్పిలంగా చదివినదాన్ని ఎం.పి.పి. తీగగా చదవడానికి ఇంతకన్నా మంచి పోలిక ఈ వ్యాసకర్తకు తోచలేదు. బఠానీ ఎంజైమ్ రెండు గమ్యాలను చేరడం కూడా ఈ పోలికలో వింతగా కనిపించదు.

అయితే ఈ ఉపమానానికీ హద్దు ఉంది. వ్యాకరణంలో లోపమంటే అదర్శనం, కనబడకుండా పోవడం. లోపించిన కకారం ఎక్కడికి పోయిందని వైయాకరణుడు అడగడు. అడగనక్కరలేదు, అది శబ్దవ్యవస్థలో ఏ చోటునూ ఆక్రమించి లేదు. కణంలో లోపించినది పదార్థం. దానికి బరువుంది, ఆవేశం ఉంది, పొరను చీల్చగల శక్తి ఉంది. అదర్శనం కావాలంటే ప్రెప్ ఉండాలి. చిరునామా రూపకం కోతకు ముందే ఆగిపోతే, అనుబంధం కోత దాకా వచ్చి ఆగుతుంది.

ఈ తేడా తెలుగు పారిభాషికపదాల ఎంపికలోనూ పట్టించుకోదగినది. 'లక్ష్యనిర్దేశక క్రమం' అనే మాటలో చిరునామా రూపకం దాగి ఉంది. 'పూర్వక్రమం' అన్నది స్థానాన్ని మాత్రమే చెబుతుంది, పనిని గురించి ముందే తీర్పు ఇవ్వదు. అందుకే ఈ వ్యాసంలో దాన్నే వాడాను. 'ప్రాసెసింగ్' అనే మాటకు 'పరిపక్వీకరణ' అని కొందరు అంటారు. ప్రోటీన్ వైపు నుంచి చూస్తే అది సరైనదే. కోసివేసిన ముక్క వైపు నుంచి చూస్తే అక్కడ పరిపక్వత ఏమీ లేదు. ఎం.పి.పి. చేసే పనికి 'ఛేదనం', ఐ.సి.పి.55 వంటివి ఆ తరువాత చేసే సవరింపుకు 'ద్వితీయ ఛేదనం', ప్రెప్ చేసే పనికి 'జీర్ణం' అని మూడు మాటలు వేరుగా ఉంచుకుంటే, మొక్కల మైటోకాండ్రియాలో మూడు చోట్ల మూడు ఎంజైమ్‌లు చేసే పనులు ఒకే మాట కింద కలిసిపోకుండా ఉంటాయి.